వాయనంలో కాగితం

"శనగలు అన్నెందుకు నానబోశావ్? ఈసారి తినేవాళ్ళెవరు?"

వీరలక్ష్మిగారు ఆ మాట అన్నది వంటింటి గుమ్మంలో నిలబడి, గిన్నె వంక చూస్తూ. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టే అన్నారు. కోడలికి అది మరీ గుచ్చుకుంది. శనగలు రాత్రంతా నీళ్ళు పీల్చి గిన్నె అంచుదాకా ఉబ్బి ఉన్నాయి. చేతి అలవాటు మరి. పుప్పాలగూడలో ఈ అపార్ట్‌మెంటుకి వచ్చినప్పటినుంచీ జయంతి ప్రతి వరలక్ష్మీ వ్రతానికీ టవరులోని ముత్తైదువులందరికీ సరిపడా నానబోస్తోంది. ఈ ఏడు ముగ్గురొస్తే గొప్పని చేతికెవరు చెప్పాలి?

"వస్తార్లెండి అత్తయ్యా," అంది, నమ్మకం లేకుండానే.

"పిలిచొచ్చింది నువ్వే కదా. నీకు తెలీదూ?"

తెలుసు. నిన్న సాయంత్రం గచ్చిబౌలిలో ఆఫీసు బస్సెక్కి, ఇల్లు చేరి, స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగింది. బొట్టు పెట్టి పిలిస్తే పేరంటానికి రానని ఎవరూ అనరు, అనకూడదు. అందుకని చాలామంది అసలు తలుపే తియ్యలేదు. ఇప్పుడు గుమ్మాలకి కెమెరా గంటలు వచ్చాయి కదా, సోఫాలో కూర్చునే బయటెవరున్నారో ఫోన్లో చూసుకోవచ్చు. ఆ చిన్న గాజుకన్ను ముందు భరిణె పట్టుకుని నిలబడి, లోపల టీవీ చప్పుడు ఠక్కున ఆగిపోవడం వింటూ, పెదాల మీద నవ్వు జారిపోకుండా చూసుకుంటూ ఎన్ని గుమ్మాల ముందు ఎంతసేపు నిలబడిందో. తీసిన ఒకరిద్దరు మాత్రం "కుదిరితే చూస్తామండీ" అన్నారు. అమ్మవారి పేరంటానికి ఎవరైనా కుదిరితే అనడం జయంతి అదే మొదటిసారి వినడం.

ఇంతకీ ఆమె చేసిన నేరం, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టడం.

మే నెలలో యుద్ధం వార్తలు వచ్చిన ఆ వారం గ్రూపు మరిగిపోయింది. మామూలు రోజుల్లో నీళ్ళ ట్యాంకరు గురించీ, పార్కింగు గురించీ కొట్టుకునే మనుషులు రాత్రికి రాత్రి సేనాపతులైపోయారు. ఒక్క అణుబాంబు వేస్తే పీడా పోతుంది, అని ఒకరు. ఒక్కటేం ఖర్మ, ఉన్నవన్నీ ఎందుకు దాచుకున్నాం, అని ఇంకొకరు. దానికి చప్పట్ల బొమ్మలు. అందులో ఒక చప్పట్లు జయంతి భర్త శ్యామ్‌వి. సోఫాలో కూర్చుని బొటనవేలితో ఆ బొమ్మ నొక్కి, తలెత్తకుండానే "చపాతీలయ్యాయా?" అని అడిగాడు.

జయంతి పిండి చేతులు కడుక్కుని వచ్చి రాసింది. 'నేను ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. తప్పులేని ప్రోగ్రాము ఇంతవరకూ చూడలేదు. మా టీములో పరీక్ష కోసం రాసుకున్న ప్రమాద హెచ్చరిక ఒకసారి పొరపాటున నిజం మనుషుల ఫోన్లకి వెళ్ళిపోయింది. ఎక్కడో ఒక ఊరి జనం చంటిపిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదికొచ్చారు. మేం క్షమాపణ చెప్పాం, వాళ్ళు తిట్టుకుంటూ ఇళ్ళకెళ్ళారు. బాంబుల వెనకా ఉన్నది ఇలాంటి ప్రోగ్రాములే, మాలాంటి మనుషులే. అక్కడ పొరపాటు జరిగితే క్షమాపణ చెప్పడానికీ వినడానికీ ఎవరు మిగులుతారు? అణుబాంబులు ఎవరి దగ్గరా ఉండకూడదు. మన దగ్గర కూడా.'

ఆ చివరి మూడు మాటలూ రాయకపోతే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. రాసింది. దేశద్రోహి అన్నారు, పాకిస్తాన్‌కి టికెట్ కొనిస్తామన్నారు. గ్రూపులోంచి మాత్రం తీసెయ్యలేదు, తీసేస్తే ఆ తిట్లు చదివేదెవరు? ఎవరో ఆమె కంపెనీ పేరు వెతికి పట్టుకుని ఫిర్యాదు పెట్టారు. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు, మేనేజరు నితీష్, అద్దాల గదిలోకి పిలిచి, "పర్సనల్ ఒపీనియన్స్ పర్సనల్‌గానే ఉంచుకోండి మేడమ్, ఈసారికి వదిలేస్తున్నాం" అన్నాడు. తొమ్మిదో తరగతి చదివే కూతురు యశస్విని ఎప్పుడూ పై అంతస్తు సౌజన్య వాళ్ళ కారులో స్కూలుకి వెళ్ళేది. ఆ కారులో ఉన్నట్టుండి చోటు లేకుండా పోయింది. పిల్ల ఇప్పుడు ఆటోలో వెళ్తోంది, అమ్మతో మాట్లాడటం తగ్గించింది. ఇక శ్యామ్ బాధ వేరే. "జిమ్‌లో నా పక్క మెషీన్ మీదికి ఒక్కడు రావట్లేదు తెలుసా?" అంటాడు, వారం రోజులుగా తిండి లేనివాడిలా ముఖం పెట్టి. "ఆఫీసులో తప్పులు వెతికి వెతికి నీకదే పిచ్చి పట్టింది. ఇంట్లో తప్పులు, దేశంలో తప్పులు."

ఇంట్లో తప్పులు వెతకడం జయంతి ఎప్పుడో మానుకుంది. మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియక మానుకుంది. పొద్దున లేచింది మొదలు మంచినీళ్ళ సీసాలు నింపేది తనే, యశస్విని ఫీజు గడువు గుర్తుంచుకునేది తనే, అత్తగారి బీపీ మాత్ర గుర్తుంచుకునేది తనే, శ్యామ్ తువ్వాలు మంచం మీంచి తీసి ఆరేసేది తనే. ఆఫీసులో ఒక తప్పు పట్టుకుంటే కనీసం దానికి ఒక అంకె వేసి ఎవరో ఒకరి నెత్తిన పెడతారు, సరిచేసేదాకా వదలరు. ఇంట్లో ఆ తువ్వాలు పెళ్ళయిన మర్నాటినుంచీ అక్కడే ఉంది. ఒకసారి అడిగితే "దానికీ గొడవేనా?" అన్నాడు. నిజమే, తువ్వాలుకి గొడవేంటి అని తనే సిగ్గుపడి ఊరుకుంది. అలా సిగ్గుపడి ఊరుకున్నవన్నీ ఇప్పుడు తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

ఆ తిట్ల మధ్యలోనే ఒక ఫోనొచ్చింది. ప్రగతి నగర్‌నుంచి అనసూయమ్మగారట, ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరయ్యారట. "నీ మెసేజ్ చేతులు మారి మారి తిట్లతో సహా నా దాకా వచ్చిందమ్మా. తిట్లు తీసేసి చదివాను. బావుంది," అన్నారావిడ. ఆవిడా, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళూ ఏటా ఆగస్టులో హిరోషిమా రోజూ నాగసాకి రోజూ సాయంత్రం పూట ప్రగతి నగర్ చెరువు కట్ట మీద అణుబాంబులొద్దని రాసిన అట్టలు పట్టుకుని నిలబడతారు. నినాదాలుండవు, మైకులుండవు. మిగతా రోజుల్లో కూరగాయల బజార్లోనూ పార్కుల్లోనూ కాగితాలు పంచుతారు. జయంతి ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టింది. "పనీపాటా లేదా మీకు?" అని అడిగేవాళ్ళు జనం. ఇంట్లో పొయ్యి కట్టేసి, బట్టలు ఆరేసి, రాత్రికి పప్పు నానబోసి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. ఆ కాస్సేపూ మంచినీళ్ళిమ్మని ఎవరూ అడగరు. జయంతికి అది కూడా బాగుండేది.

కట్ట మీద మాత్రం ఇంకా నిలబడలేదు. బుధవారం హిరోషిమా రోజున ఆఫీసులో మీటింగుందని చెప్పి ఎగ్గొట్టింది. మీటింగు లేదు, భయం ఉంది. శనివారం, అంటే రేపు, నాగసాకి రోజు. తప్పకుండా వస్తానని అనసూయమ్మగారికి మాటిచ్చింది. పంచాల్సిన కాగితాల కట్ట బీరువాలో చీరల కింద ఉంది.

రాత్రి శ్యామ్ తన ఫోన్లో రాసుకొచ్చిన క్షమాపణ చూపించాడు. "ఇది నీ పేరుతో గ్రూపులో పెట్టు. రేపు అందరూ వస్తారు. ఎల్లుండి ఎక్కడికీ వెళ్ళకు. అంతటితో అయిపోతుంది."

"నేను పెట్టనండీ."

"యశూ మొహం చూసైనా?"

జయంతి అప్పటికే తుడిచిన స్టవ్వుని మళ్ళీ తుడిచింది.

శుక్రవారం పొద్దున్నుంచీ పూర్ణాలూ, పులిహోరా, గారెలూ. ఫోను హాల్లో ఛార్జింగుకి పెట్టి మళ్ళీ అటు చూడలేదు. పూజ చేసుకుంది, తోరం కట్టుకుంది. తాంబూలాలన్నీ వరసగా సర్దింది, ఎవరూ రాకపోయినా అమ్మవారి ముందు ఖాళీగా ఉండకూడదని. సాయంత్రం కాగానే వీరలక్ష్మిగారు తన గదిలోకి వెళ్ళి తలుపు ఓరగా వేసుకున్నారు. భర్త భీమేశ్వరరావుగారు పోయినప్పటినుంచీ అంతే. వంటలో సగం ఆవిడ చేతిదే అయినా పేరంటాళ్ళకి ఎదురుపడరు. రావద్దని ఎవరూ అనరు, రమ్మనీ అనరు. చేదు మాట అనడం ఆవిడకి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు గానీ, మేలో యుద్ధం డ్రిల్లని సైరన్లు మోగించి లైట్లార్పించిన రాత్రి మాత్రం ఆవిడ ఒక్కమాటా అనకుండా దుప్పటి తెచ్చి కిటికీకి కట్టారు. ఎందుకత్తయ్యా అంటే, "మా విశాఖపట్నంలో నా చిన్నప్పుడు యుద్ధమొస్తే ఇలాగే కట్టాం. ఆ రాత్రి సముద్రంలో ఏదో పేలి అద్దాలన్నీ గలగలలాడాయి. మా అమ్మ మమ్మల్ని మంచం కిందికి తోసి పైన తను పడుకుంది," అన్నారు.

అయిదు కాకుండానే గంట మోగింది.

ఒకరు కాదు. లిఫ్టు నిండా వచ్చారు. ముందు భూలక్ష్మమ్మ, ఈ టవర్లు లేచిన పొలాల్లో కొంత ఒకప్పుడు ఆమె అత్తింటివాళ్ళది. వెనకే సౌజన్య, అసోసియేషన్ ప్రెసిడెంటు ఓంకార్ భార్య. వాళ్ళ వెనక ఇంకా చాలామంది. జయంతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంతైనా ఆడవాళ్ళు, మనసు కరిగింది అనుకుంది. శ్యామ్ నవ్వుతూ కుర్చీలు జరుపుతున్నాడు. ఎన్నడూ లేనిది ఫ్యాన్లు కూడా తనే వేశాడు. జయంతి పసుపు గిన్నె తీసుకుని నేల మీద కూర్చుని, భూలక్ష్మమ్మ పాదాలకి రాయడం మొదలుపెట్టింది.

"మంచిగ రాసినవ్ బిడ్డా," అంది భూలక్ష్మమ్మ పైనుంచి. "తప్పైందని ఒప్పుకునుడు అందరితోని కాదు. పొద్దుగాల మా కోడలు సదివి ఇనిపిచ్చింది. ఇగ ఏం ఫికర్ పడకు."

జయంతి చెయ్యి ఆగిపోయింది. "నేనేం రాశాను?"

"అదే జయంతిగారూ," సౌజన్య ముద్దుగా అంది, "ఆవేశంలో రాసేశాను, క్షమించండి, ఇంక వాటి జోలికి వెళ్ళను అని పెట్టారుగా. మావారికి ఎంత నచ్చిందో! సోమవారంనుంచి యశూని మా కారులోనే పంపించండి."

శ్యామ్ కిటికీ పరదా సర్దుతున్నాడు. దాన్ని సర్దాల్సిన పనేం లేదు. ఈ ఫోను కొన్న రోజున, ఎమర్జెన్సీలో పనికొస్తుందని, ఆమె వేలిముద్ర పక్కనే తన వేలిముద్ర కూడా పెట్టించుకున్నాడు. అతని ఫోన్లో ఆమె వేలు లేదు. ఎందుకు లేదని ఆమె ఏనాడూ అడగలేదు, అది కూడా తువ్వాలు లాంటిదేనని ఊరుకుంది. పొద్దున తను గారెలు తడుతున్నప్పుడు అతను ఫోను మీద వేలు పెట్టి తన నోరు తెరిచి, తన గొంతుతో మాట్లాడి, మళ్ళీ నోరు మూసి ఛార్జింగుకి పెట్టేశాడు. తనింకా ఇక్కడ నేల మీద కూర్చుని ఆ మాటలకి మెచ్చుకోళ్ళు వింటూ పాదాలకి పసుపు రాస్తోంది. నిన్న తలుపు తియ్యకపోవడమే నయమనిపించింది. నిన్న వాళ్ళు వెళ్ళగొట్టింది కనీసం జయంతిని. ఇవాళ పలకరించడానికి వచ్చింది ఎవర్ని? ఏడుపొచ్చింది. ఏడిస్తే పశ్చాత్తాపమనుకుంటారని మింగేసింది. సోమవారం కారూ, యశస్విని నవ్వుమొహం, నితీష్ మొహం అన్నీ కళ్ళముందు ఆడాయి. ఒక్క మాట అనకుండా ఊరుకుంటే చాలు, అవన్నీ తిరిగొచ్చేస్తాయి. ఊరుకోవడం తనకి రాని పనేం కాదు.

జయంతి భూలక్ష్మమ్మ రెండో పాదానికి పసుపు రాయడం పూర్తిచేసింది. మిగతావాళ్ళకీ రాసింది. గంధం పూసి, బొట్లు పెట్టింది. తర్వాత పడగ్గదిలోకి వెళ్ళి బీరువా తీసింది. బయటికి వచ్చి ప్రతి తాంబూలంలోనూ తమలపాకుల మీద ఒక కాగితం పెట్టింది, అందరికీ కనపడేలాగానే.

"ఇస్తినమ్మ వాయనం," అంది సౌజన్య ముందు నిలబడి.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అనేసి కొంగు పట్టాకగానీ సౌజన్య కిందికి చూడలేదు. "ఇదేంటండీ?"

"రేపు నాగసాకి రోజు. సాయంత్రం ప్రగతి నగర్ చెరువు కట్ట మీద నిలబడుతున్నాం. పొద్దున్న మీరు చదివింది నేను రాయలేదు. నేను రాసింది మేలో రాసిందే. అందులో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను."

శ్యామ్ పరదా వదిలేశాడు. వాయనం వద్దనకూడదు, పుచ్చుకున్నది తిరిగి ఇవ్వకూడదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ పుట్టింటినుంచే తెలుసు. ఒక్కొక్కరి ముందూ నిలబడి ఇచ్చింది. ఒక్కొక్కరూ అనాల్సింది గొణిగి, రెండు వేళ్ళతో పుచ్చుకున్నారు.

"గిదేం పనమ్మా, అమ్మవారి ముంగట," భూలక్ష్మమ్మ విసుక్కుంది. "ఇగ పట్టినంక కింద పెట్టొద్దాయె." కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

సౌజన్య గుమ్మం దాటుతూ, "సోమవారం కారు సంగతి... చూసుకుని చెప్తానండీ," అంది.

అందరూ వెళ్ళాక చూస్తే కాగితాల్లో చాలా వరకు గుమ్మం బయట చెప్పుల స్టాండు మీద ఉన్నాయి. శనగలు మాత్రం పట్టుకెళ్ళారు. జయంతి ఆ కాగితాలు ఏరుకుని, పసుపు మరకలు తుడిచి లోపలికి తెచ్చింది. యశస్విని గది తలుపు దభాలుమని మూసుకుంది.

"నా పరువు గంగలో కలిపావు," అన్నాడు శ్యామ్. "నీ కోసం చేశాను, పిల్ల కోసం చేశాను. రేపు అక్కడికి వెళ్తే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కేముందు బాగా ఆలోచించుకో."

జయంతి ఫోను తీసుకుంది. పొద్దున మెసేజ్ నాది కాదని గ్రూపులో రాసింది. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్ళి, శ్యామ్ వేలిముద్ర తీసేసింది. 'తొలగించమంటారా?' అని ఫోను అడిగింది. ఆమెని అడిగి చేసిన పని ఆ రోజుకి అదొక్కటే.

వీరలక్ష్మిగారి గది తలుపు తెరుచుకుంది. ఆవిడ హాల్లోకి వచ్చారు, పేరంటం దీపాలు ఇంకా వెలుగుతుండగానే. కొడుకు వంక చూడలేదు.

"వాయనం నాకెటూ ఇవ్వకూడదు," అన్నారు కోడలితో. "ఆ కాగితం ఇవ్వొచ్చుగా?"

జయంతి చేతిలో ఉన్నవాటిలో మరక లేనిది ఏరి అందించబోయింది. ఆవిడ చెయ్యి చాచలేదు. కొంగు పట్టారు.

"అలా కాదు. అనాల్సిన మాట అని ఇవ్వు."