నవ్వే బొమ్మ

పగిలిన గుడ్డును రాహేలు చేతిలోకి తీసుకోగానే కనిపెడుతుంది. కంటికి కనపడని చీలిక కూడా ఆమె బొటనవేలికి తగులుతుంది. అలియాబాద్ కోళ్ళఫారంలో పద్నాలుగేళ్ళుగా అదే పని. మంచివి అట్టల్లోకి, పగిలినవి బకెట్లోకి. గోళ్ళ సందుల్లో ఎండిన సొన, జుట్టులో దాణా పొడి.

పదకొండింటికి నడుముకు దోపుకున్న ఫోను మోగింది. పాఠం వేళ.

పాఠం ఆమెది కాదు, కొడుకు శామ్యూల్‌ది. ఇరవై ఏళ్ళవాడు. గంజాయి మానడానికి సుచిత్ర చౌరస్తా దగ్గరి కేంద్రంలో మూడు నెలలుండి, రెండు నెలల కిందట ఇంటికొచ్చాడు. మళ్ళీ ఆ దారి పట్టకుండా అక్కడి కౌన్సెలర్ మాధవీలత మేడం రాహేలు ఫోనులోనే పాఠాలు పెట్టించింది. రోజుకో చిన్న వీడియో, నాలుగు ప్రశ్నలు, చివర ‘ఈరోజు నీ మనసెలా ఉంది?’ అని అయిదు మొహాల బొమ్మలు. పాఠం తప్పినా, ఏడుపు మొహం నొక్కినా మేడం ఫోన్ చేస్తుంది, ఇంటికొస్తుంది.

తల్లి పని నుంచి వచ్చాక శామ్యూల్ వారం రోజులు చూశాడు. తర్వాత "నువ్వే నొక్కుకో పోవే అమ్మా, నాకు తల్కాయ్ నొస్తాంది" అని దుప్పటి కప్పుకున్నాడు.

పాఠం తప్పితే మళ్ళీ కేంద్రంలోని ఆ తాళాల గదికి పట్టుకుపోతారని రాహేలు భయం. ఏడో తరగతి దాకా చదివిన ఆమె అప్పటినుంచి తానే నేర్చుకుంటోంది. కోరిక పుడితే పది నిమిషాలు ఆగాలి, నీళ్ళు తాగాలి, నమ్మిన మనిషికి చెప్పుకోవాలి. అన్నీ నోటికొచ్చు. మొహాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆలోచించదు. బాగున్నరా అని ఎవరడిగినా బాగున్నమనే అంటారు గదా. ఇంటి సంగతి పరాయివాళ్ళ ముందు విప్పడం ఆమెకు తెలియదు.

నాలుగు రోజులుగా కొడుకు కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. నిన్న అన్నం ముట్టలేదు. అయినా ఈరోజూ ఆమె నవ్వే బొమ్మనే నొక్కింది.

"ఏం పరీక్షలే గవి? కలెక్టర్ వయితవా?" పక్కన గుడ్లేరుతున్న సాలమ్మ నవ్వింది.

"అయితే నిన్నే జీపెక్కిస్త తియ్."

కాసేపటికి మాధవీలత ఫోన్ చేసింది. "రాహేలమ్మా, ఇయ్యాల్టికి అరవై పాఠాలు! ఒక్కరోజు కూడ తప్పనిది మీవాడొక్కడే. అంత మంచిగుందనే మీ దిక్కు రాలే, వేరేవాళ్ళ ఇండ్లకే తిరుగుతున్న."

"మేడం, ఒక్క మాట..."

"చెప్పమ్మా."

చుట్టూ కోళ్ళ గోల. సాలమ్మ ఇటే చూస్తోంది.

"ఏం లే మేడం. మస్తు మంచిగున్నడు."

నాలుగింటికి చేతులు కడుక్కుని ఇంటికి నడిచింది. వాకిట్లో జనం. పక్కింటి రోజీ ఎదురొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "పిలిస్తే పలకలే అక్కా. అంబులెన్స్ వాళ్ళొచ్చిండ్రు... చూసిండ్రు. మత్తు గోలీలు ఎక్కువైనయట, లేడన్నరు."

లోపల చాప మీద శామ్యూల్ చిన్నప్పటిలాగే మోకాళ్ళు ముడుచుకుని పక్కకు తిరిగి ఉన్నాడు. రాహేలు కొంగుతో అతని నుదుటి చెమట తుడవబోయింది. చెమట లేదు.

పొద్దు గుంకక ముందే మాధవీలత వచ్చింది. రాహేలు తలెత్తలేదు.

"వాడు వారమే చూసిండు మేడం. తర్వాత పాఠాలన్ని నేనే చదివిన. గా నవ్వే బొమ్మ నేనే నొక్కిన."

మేడం గోడకానుకుని ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

పెరట్లో తీగ మీద, ఎల్లుండి చర్చికని పొద్దున శామ్యూల్ తనే ఉతుక్కున్న తెల్ల చొక్కా వేలాడుతోంది. సరిగ్గా జాడించని కాలరు మడతలో సబ్బు అలాగే ఎండిపోయి ఉంది.