మబ్బు పూట పరామర్శ

కలిదిండి శివార్లలో రామమూర్తి బండి ఆపేశాడు. రెండు రోజులుగా ఎండ లేదు, ఆకు కదలడం లేదు. ఎడంచేతి వైపు వెంకట్రాజు చెరువు నిండా చేపలు పైకొచ్చి, నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. బొచ్చెలు, శీలావతులు, ఒకటా రెండా! ఇలా మబ్బు పట్టి గాలి స్తంభిస్తే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, ఊపిరాడక ఆ అవస్థ. వెంటనే నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చక్రాలు తిప్పకపోతే మధ్యాహ్నానికి చెరువంతా వెల్లకిలా తేలుతుంది. స్విచ్చుల పెట్టెకేమో తాళం. కాపలా మనిషి జాడ లేదు.

వెంకట్రాజు పోయి నాలుగు రోజులైంది. ఆయన భార్య విజయకుమారిని పలకరించడానికే రామమూర్తి మండవల్లి నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చాడు. వాళ్ళ కొడుకు హేమంత్‌కుమార్ మగవాళ్ళందరితో అస్థికలు కలపడానికి రాజమండ్రి వెళ్ళాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

తాళంచెవి ఆ ఇంట్లోనే ఉంటుంది, అడిగి తెచ్చుకోవచ్చుగా అంటారేమో. మీరు అడగండి చూద్దాం! పోయిన నెలే ఈ చెరువు లీజుకిమ్మని రామమూర్తి నలుగురిలో అడిగాడు. "నేను పోయాక తీసుకోరా" అని వెంకట్రాజు పగలబడి నవ్వాడు. నెల తిరక్కుండా నిజంగానే పోయాడు మహానుభావుడు. ఇప్పుడు వెళ్ళి తాళాలిమ్మంటే, బూడిదైనా చల్లారకముందే చెరువు కోసం వచ్చాడనరూ? అడక్కపోతే ఆ చెరువు పోతుంది. ఇక విజయకుమారికి ఉన్న ఆధారమల్లా అదే.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ ముందుగదిలో చాప మీద గోడకి జేరబడి ఉంది. పక్కన వెంకట్రాజు అక్కగారు వీరరాఘవమ్మ, చుట్టూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళు.

"చూశారా అన్నయ్యగారూ, మీ స్నేహితుడు ఎంత పని చేశారో" అంది విజయకుమారి.

రామమూర్తి "ఏం చెప్పనమ్మా" అని కూలబడ్డాడు.

"చిన్నప్పుడు చేప తల నాకే పెట్టేవాడు బాబూ" అని వీరరాఘవమ్మ మొదలుపెట్టింది. ఆ తర్వాత బడి ఎగ్గొట్టడం, పడవ మీంచి పడిపోవడం. పాపం, ఆవిడ తప్పేముంది? కానీ ఆవిడ మాట సాగేకొద్దీ రామమూర్తి చూపు గోడ మేకుకున్న తాళాల గుత్తి మీదికే పోయింది. ఛీ, ప్రాణస్నేహితుడి కబుర్లు వింటూ చేపల్ని తలుచుకునే మనిషినా నేను అని తన మీద తనకే రోత పుట్టింది.

"నువ్వూ చెప్పు బాబూ, కలిసి తిరిగినవాడివి" అంది వీరరాఘవమ్మ.

రామమూర్తి విజయకుమారి వైపు తిరిగాడు. "మా అమ్మాయి మృదుల పెళ్ళి గుర్తుందామ్మా? తాళి కట్టే వేళకి మీ ఆయన కనపళ్ళేదు. అక్షింతలు గుప్పెట్లో పట్టుకునే బండెక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఒళ్ళంతా బురదతో వచ్చి, అప్పుడు వేశాడు ఆ అక్షింతలు!"

అంత దుఃఖంలోనూ ఆడవాళ్ళు నవ్వేశారు. "వాడంతే!" అని వీరరాఘవమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఆ పూట కూడా ఇలాగే మబ్బమ్మా" అన్నాడు రామమూర్తి. "ఇలాగే గాలాడలేదు."

ఎవరికీ పట్టలేదు. పైగా ఒకావిడ ఉక్కపోత గురించి ఎత్తుకుంది. ఇక లాభం లేదు, ఏమనుకుంటే అనుకోనీ, అడిగేస్తాను అని రామమూర్తి నోరు తెరవబోయాడు.

విజయకుమారి కిటికీలోంచి ఆకాశం చూసింది. తర్వాత ఆయన మొహం చూసింది. చివాలున లేచి మేకుకున్న తాళాల గుత్తి అందుకుంది.

"విజయా! పదకొండో రోజు కాకుండా గడప దాటుతావా?" వీరరాఘవమ్మ కేకేసింది.

"ఆయనైతే ఆగేవారాండీ వదినగారూ?" అని ఆవిడ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది. రామమూర్తి వెనకాలే వెళ్ళాడు.

గట్టు మీది స్విచ్చుల పెట్టె తెరిచి ఒక్కొక్క స్విచ్చే వేసింది. చక్రాలు తిరిగి నీళ్ళు తెల్లగా ఎగిశాయి. గట్టు వారన కొన్ని చేపలు అప్పటికే తేలిపోయాయి. మిగతావన్నీ నురగ వైపు కదిలాయి. రామమూర్తి తువ్వాలుతో మొహం తుడుచుకుని దూరంగా నిలబడ్డాడు.

విజయకుమారి చెరువు వైపు చూస్తూ ఉండిపోయింది. రోజూ అలవాటైన గొంతుతోనే గట్టు పొడుగునా వినపడేలా పిలిచింది.

"ఏవండీ, అన్నీ వేసేశానండీ. ఇంక ఇంటికి రండి."