గుర్తుగా తీసుకున్న తాళం

దోస్‌జాన్ సంవత్సరీకం భోజనాలు అయ్యాయి. ఉడికిన గుర్రం మాంసం వాసన ఇంట్లో ఇంకా పోలేదు. అతని తల్లి బల్షెకెర్ నేల మీద తెల్లగుడ్డ పరిచి కొడుకు వస్తువులు పేర్చింది. నక్కతోలు టోపీ, వెండి బిళ్ళల బెల్టు, చలికోటు. పోయినవాళ్ళ గుర్తుగా దగ్గరివాళ్ళు తలా ఒకటి తీసుకుంటారు. దాన్ని తబారిక్ అంటారు. ఇచ్చింది తిరిగి అడగకూడదు, పుచ్చుకున్నది పారేయకూడదు.

పెద్దకొడుకు కెనెస్‌బెక్ బెల్టు వైపు కూడా చూడలేదు. లేచి, తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న తమ్ముడి కారు తాళం తీసి తనే గుడ్డ మీద పెట్టాడు. మళ్ళీ తనే తీసి నుదుటికి తాకించుకుని జేబులో వేసుకున్నాడు.

"నా తమ్ముడి గుర్తు నాకిది చాలు."

దోస్‌జాన్ భార్య జౌరేష్ టీ పోయడం ఆపింది. భర్త పోయాక ఆమె ఆ కారులోనే ఊరివాళ్ళను కరగండ పట్నం ఆసుపత్రికి తిప్పుతోంది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకు పొయ్యి వెలిగేది దానివల్లే.

"బావగారూ, అది గుర్తు కాదు, మా తిండి."

"తిండికి లోటేముంది? మా ఇంటికొచ్చెయ్యి. గొర్రెల దగ్గర మనిషి కావాలి."

చుట్టాలు గిన్నెల్లోకి చూస్తూ కూర్చున్నారు.

"రెండో తాళం కూడా తే," అన్నాడు కెనెస్‌బెక్. "రేపొచ్చి బండి తీసుకుపోతాను."

"ఇంట్లో లేదు."

"ఎవడికిచ్చావు?"

"వెతుక్కోండి."

వెతికాడు. పెట్టె అడుగున ఉన్న ఆమె పెళ్ళినాటి శాలువాలు కూడా నేల మీదికొచ్చాయి. చివరికి ఖాళీ చేతులతో, "దొంగ మొహం," అనేసి తన బండెక్కి వెళ్ళిపోయాడు.

జౌరేష్ అబద్ధమాడలేదు. అక్కడి చలికి ఇంజిన్లు గడ్డకట్టి మొరాయిస్తాయి. అందుకే దోస్‌జాన్, మంచం మీద నుంచే రిమోటు నొక్కితే బండి వేడెక్కేలా పరికరం పెట్టించాడు. తాళం దగ్గర లేకపోతే ఆ బండి మేలుకోదు కనుక, రెండో తాళాన్ని బండిలోనే దాచాలి. బతికున్న తాళం లోపలుంటే ఎవడైనా ఎక్కి తోలుకుపోతాడని దాని బ్యాటరీ తీసేసి, అది లేకున్నా తాళంలోని చిప్పును బండి ఆనవాలు పట్టేలా తీగ చుట్టి, డ్యాష్‌బోర్డులోని అర వెనక బిగించాడు. టార్చి పట్టుకుని నిలబడింది జౌరేషే. "ఎవరికీ చెప్పకు, మా అన్నయ్యకి అసలే చెప్పకు," అని అప్పుడతను నవ్వాడు.

తెల్లారగానే ఆమె ఆ పరికరం రిమోటుతో కారు తలుపు తెరిచింది. అర ఊడదీసి తీగ విప్పింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. చచ్చిన తాళాన్ని స్టార్టు బొత్తానికి ఆనించి నొక్కింది. ఇంజిను గొంతు సవరించుకుంది.

పట్నంలో తాళాలవాడు కొత్త బ్యాటరీ వేసి, బండి కాగితాలు చూసి, కెనెస్‌బెక్ దగ్గరున్న తాళాన్ని బండి మరిచిపోయేలా చేశాడు.

"అదీ తెచ్చుంటే దాన్నీ బండికి మళ్ళీ గుర్తుచేసేవాణ్ణి కదా, చెల్లెమ్మా. ఒక్కదానితో నెట్టుకురావడం కష్టం."

"అది తబారిక్‌గా వెళ్ళింది, అన్నా."

అతను తలూపి తాళం ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె ఇల్లు చేరేసరికి కెనెస్‌బెక్ వాకిట్లో మంచు తొక్కుతూ నిలబడి ఉన్నాడు. ఆమె దిగి, బండికి తాళం వేసి, పక్కకు జరిగింది. అతను తన తాళం నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. బండికి ఆనించి నొక్కాడు. బండి దీపమైనా మిణుకుమనలేదు.

"ఏం చేశావే దీన్ని?"

"మీ తాళాన్ని నేను ముట్టుకోలేదు. తిరిగి అడగనూ లేదు."

"బండి నాది."

"గుడ్డ మీద మీరు బండి పెట్టలేదు, బావగారూ. తాళం పెట్టారు. అందరూ చూశారు."

అతని మొహం కందగడ్డలా అయింది. తాళాన్ని మంచులోకి విసరబోయి చెయ్యెత్తాడు.

"కెనెస్‌బెక్." తల్లి గడపలో నిలబడి ఉంది. నిన్నటి నుంచి ఆమె అతనితో అన్న మొదటి మాట అది. "అది నీ తమ్ముడి గుర్తు. నువ్వు కోరి తీసుకున్నావు. పారేస్తే నీ మొహం ఎవరికి చూపిస్తావు?"

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. అతను తాళాన్ని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. టీ తాగి వెళ్ళమని ఎవరూ అనలేదు.

"బూట్లు విడిచి లోపలికి రా," అంది బల్షెకెర్ కోడలితో. "ఆ తాళం ఇక మేకుకి తగిలించకు. నా మెళ్ళో వేసుకుంటాను."