రంగు వేసిన గది

గోడకి బూజు పట్టిందంటే మా అత్తగారు బూజుకర్ర తెచ్చిస్తారు. మన మాటల్లో సాలెగూడూ బూజే, తేమకి నల్లగా మొలిచేదీ బూజే. రెండింటికీ కారణం మాత్రం కోడలే. "ఇల్లు పట్టించుకునే ఆడది ఉంటే గోడలిలా ఉంటాయామ్మా?" అంటారు, నెమ్మదిగానే.

నేను జీతానికి చేసేదీ బూజు పనే. గోడపూతలు తయారుచేసే కంపెనీలో, పరీక్షల గదిలో ఉద్యోగం. సున్నంలో లవంగనూనె, వేపాకు రసం రకరకాల పాళ్ళలో కలిపి పలకలకి పూసి, తడిపెట్టెలో ఉంచి, వాటిమీద కావాలనే బూజు పెంచుతాను. ఏ పలక మీద మొలవలేదో ఆ పూత మంచిదన్నమాట. మావారు చుట్టాలందరికీ చెబుతుంటారు: "మా ఆవిడకి బూజు దులిపినందుకు జీతమిస్తారు." అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. ఎందుకు నవ్వానా అని తరవాత ఒళ్ళు మండేది.

పాప గదిలో మంచం వెనక గోడకి ఎప్పుడూ చెమ్మే. ప్రతి ఆదివారం నేనే తుడుస్తాను. గోడ తెల్లబడుతుంది, పాప దగ్గు మాత్రం తగ్గదు. పాత పూత చెక్కేసి మా సున్నం పూత వేయిద్దామని ఎన్నిసార్లు అడిగానో. "గోడకి కషాయం తాగిస్తావా?" అని నవ్వి, మావారు ఖరీదైన రంగు వేయించారు. రంగేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుందన్నాను. "చెమ్మా లేదు, గిమ్మా లేదు. నీ ఆఫీసుని ఇంటికి తేకు" అన్నారు. తుడవాల్సిందీ నేనే, నోరు మూసుకోవాల్సిందీ నేనే.

వానలు పట్టాక రంగు బుడగలెత్తింది. ఇవాళ పాపని చూసిన డాక్టరమ్మ, "పడుకునే గదిలో చెమ్మ ఉందా? ముందు అక్కణ్ణుంచి మార్చండి" అంది. ఇంటికొచ్చి, గోడ తుడవడానికి గుడ్డ తీస్తూ ఆ మాటే చెప్పాను.

"సరిగా తుడవకపోతే ఉండదూ!" అన్నారు అత్తగారు.

"చెమ్మేమీ లేదు" అన్నారు మావారు, ఫోన్లోంచి తలెత్తకుండా.

నేను తుడిచినన్నాళ్ళూ గోడకి ఏ రోగమూ లేనట్టే, తప్పంతా నాదే అయినట్టే. చేతిలో గుడ్డని బకెట్లో పడేశాను. పాప దుప్పటి, బొమ్మ తెచ్చి మా మంచం మీద నా పక్కన సర్దాను. మావారి దిండు తీసుకెళ్ళి పాప మంచం మీద, గోడవైపు వేశాను.

"ఇదేంటి?" అన్నారు, నా వెనకే వచ్చి.

"ఇవాళ్టి నుంచి మీ పడక ఇక్కడ."

"ఈ చెమ్మలోనా?"

చెమ్మ ఉందన్న మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. నేను మేస్త్రీకి ఫోన్ చేశాను.