చంద్రకళ వేషం

గారెలు వేస్తూ చంద్రకళ పొయ్యి పక్కన ఫోన్ నిలబెట్టుకుని పాత నలుపుతెలుపు సినిమా చూస్తోంది. రాత్రికి ఇంటినిండా జనం. పిలిచింది మొగుడు గోపీకృష్ణ, వండేది చంద్రకళ. పరాయిదేశంలోని ఆ సర్రీ ఊళ్ళో ఆ ఇంటి పనుల పంపకం అంత తేలిక.

సినిమాలో చైనా డిటెక్టివ్ ఒకాయన. వంగివంగి దండాలు పెడతాడు, ముక్కలుముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడతాడు, పోలీసులు తెల్లమొహాలు వేశాక హంతకుణ్ణి చక్కగా పట్టిస్తాడు. మొదటిసారి చూసినప్పుడే చంద్రకళకి తెగ నచ్చేశాడు. ఆ మాటే మొన్న ఆఫీసులో తనతో పనిచేసే చైనా ఆవిడ లిండా చాంగ్‌తో అంటే ఆమె నవ్వింది.

"మా తాతకి ఆయనంటే ప్రాణం. తెర మీద మావాడొకడు గెలుస్తున్నాడని టికెట్ కొనుక్కుని మరీ వెళ్ళేవాడు. మా అమ్మ మాత్రం ఆ సినిమా వస్తే టీవీ కట్టేసేది."

"ఎందుకు?"

"ఆ వేషం వేసింది తెల్లవాడు. కళ్ళ చివర్లు లాగి అతికించుకున్నాడు. సరిగా చూడు."

అందుకే ఇవాళ సరిగా చూస్తోంది. నిజమే! ఇంత తెలివిగలవాడికి ఇంగ్లీషెందుకు రాదు? వస్తే జనం నవ్వరుగా. ఇంటికెళ్ళి పెళ్ళాంతో తన భాషలో ఏం మాట్లాడతాడో? గారె మాడింది.

భోజనాలయ్యాక ఎవరో అరిచారు. "గోపీ, మీ ఆవిడ ఇంటర్వ్యూ ఐటమ్ పడాలి!"

ఆ ఉద్యోగం కోసం ఎంత తడబడిందో చంద్రకళ ఒకసారి మొగుడికి మాత్రమే చెప్పుకుంది. అప్పట్నుంచీ అది పార్టీ ఐటమ్. గోపీకృష్ణ ఆమె చున్నీ భుజాన వేసుకుని, గొంతు సన్నం చేసి, "సార్, ఐ యామ్ వెరీ వెరీ హార్డ్‌వర్కింగ్ సార్," అన్నాడు. హాలు హాలంతా నవ్వుతో దొర్లింది.

"నువ్వంటే మాకెంత ఇష్టమో చంద్రకళా!" అంది వచ్చినవాళ్ళలో ఒకావిడ స్పందన, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ.

మామూలుగా అయితే తనూ నవ్వుతూ ప్లేట్లు తీసేది. ఇవాళ మొగుడి కళ్ళ చివర్లకేసి చూసింది. వీళ్ళకిష్టమైన చంద్రకళ చున్నీ వేసుకున్న ఆయనే కదా. ఉద్యోగం తెచ్చుకున్న చంద్రకళ ఈ ఐటమ్‌లో ఒక్కసారీ రాలేదు.

నవ్వులు ఆగాక గోపీకృష్ణ చున్నీ తీయబోయాడు.

"ఉంచండి," అంది చంద్రకళ, స్పందన పక్కన సోఫాలో కూర్చుంటూ. "నా వేషం సగంలో ఆపుతారేంటండీ? సింకులో గిన్నెలున్నాయి."

ఎవరూ నవ్వలేదు. చంద్రకళ కాళ్ళు పైకి పెట్టుకుని చున్నీలో ఉన్న మొగుణ్ణి సరిగా చూడసాగింది.