దమియానా మీద మూడో కేసు

ఇటలీలోని తారంతో అనే రేవు పట్టణంలో, పాత బస్తీలో దమియానా కనబడితే చాలు, జనం స్కూటర్లకు గొలుసులు బిగించుకునేవారు. పదహారేళ్లకే ఆ పిల్ల మీద రెండు స్కూటర్ల కేసులు నడిచి, మందలింపులతో పోయాయి. మూడోసారి ఆల్చిప్పలు అమ్మే వీతో అనే అతని ట్రాలీ ఆటో. అతను కాఫీ తాగుతుండగానే పట్టపగలు దాన్ని తోలుకుపోయి, రేవు గోడకు గుద్దేసింది. సరుకంతా రోడ్డుపాలైంది. పోలీసులు వచ్చేసరికి పారిపోకుండా, గీరుకుపోయిన మోచేతితో చిప్పలు ఏరుతూ కూర్చుంది.

ఈసారి లోపల వేయాల్సిందేనని ప్రాసిక్యూటరు పట్టుబట్టాడు. కానీ పిల్లల కోర్టులో నేరం ఒక్కటే చూసి తీర్పు చెప్పరు. పిల్ల ఎవరి దగ్గర పెరుగుతోంది, ఇంట్లో ఏం జరుగుతోందన్నది కూడా చూస్తారు. ఆ సంగతులు కనుక్కుని జడ్జికి చెప్పే పని ప్రొబేషన్ అధికారిణి ఒర్నెల్లాది.

దమియానా ఆమెతో తడుముకోకుండా చెప్పింది. నాన్న సరుకు ఓడల మీద ఉంటాడు, అమ్మ ఇల్లు వదిలి వెళ్లిపోయింది, మేనత్త వచ్చి తమతో ఉంటోంది. మొదటి రెండూ నిజమే. మూడోది అబద్ధం. మేనత్తకీ అమ్మకీ ఏనాడో చెడింది, ఆవిడ గడప తొక్కి ఏళ్లయింది. ఆరేళ్ల తమ్ముడు కతాల్దోకి వండి పెట్టి, బడికి దించి, జ్వరమొస్తే పక్కన కూర్చునేది దమియానానే. పెద్ద దిక్కు లేదని తెలిస్తే వాణ్ణి అనాథాశ్రమంలో పెడతారని ఆమె భయం.

ఒకరోజు ఒర్నెల్లా చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చింది. కతాల్దో బఠాణీలు వేసిన పాస్తా తింటున్నాడు. బుగ్గలు శుభ్రంగా ఉన్నాయి, జుట్టు మాత్రం కాస్త వంకరగా కత్తిరించి ఉంది. ఎవరు కత్తిరించారని ఆమె అడిగితే, "అక్క. కదిలితే చెవి పోతుందంది" అన్నాడు వాడు.

అత్తయ్య ఎక్కడని ఒర్నెల్లా అడగలేదు. ఇల్లంతా చూశాక అడగనక్కర్లేకపోయింది.

దమియానా తలుపు మూసి అడ్డంగా నిలబడింది. "వాడి గురించి ఒక్క ముక్క రాశారంటే నేను జైలుకే పోతా మేడమ్. నేరం నేను చేశా. వాడి పేరెందుకు మధ్యలో?"

"వాడి పేరు లేకపోతే నువ్వెవరో జడ్జిగారికి ఎలా తెలుస్తుందమ్మా?" అంది ఒర్నెల్లా. "నేను అబద్ధం రాయను. రాసింది కోర్టుకంటే ముందు నీకే చదివి వినిపిస్తా. కానీ ఈ ఇంట్లో ఒక పెద్ద మనిషి ఉండి తీరాలి. ఎవరున్నారు?"

ఆ పూటంతా దమియానా మూతి ముడుచుకునే ఉంది. మర్నాడు తనే మేనత్త ఫిలొమేనాకు ఫోన్ చేసింది. ఆవిడ మొదట దులిపేసింది. తర్వాత పిల్లవాడు ఏం తింటున్నాడని అడిగింది. ఆ వారంలోనే పంజరంలో పిట్టతో, సంచీ నిండా వంకాయలతో దిగి, వచ్చీ రాగానే వంటగదిని తిట్టడం మొదలుపెట్టింది.

విచారణ రోజున దమియానా తరఫు లాయరు, "తల్లి లేని పిల్ల, పాపం" అంటూ అందుకున్నాడు. దమియానా లేచి నిలబడింది.

"పాపం అనకండి సార్. అమ్మ లేదని బండి ఎత్తుకెళ్లలేదు. తాళం బండికే ఉంది, నడపాలనిపించింది, నడిపా. తప్పు నాదే. కానీ నన్ను లోపలేస్తే దెబ్బ తమ్ముడికి కూడా తగులుద్ది. అది కూడా చూడండి."

"మరి నిన్నేం చేయమంటావు?" అని జడ్జి అడిగారు.

"బండి బాగుచేయడం నేర్పించండి. వీతో మామ ఒప్పుకుంటే ఆయన బండే ముందు బాగుచేస్తా."

వెనక బెంచీలో వీతో గొణిగాడు, తాళం మాత్రం తన జేబులోనే ఉంటుందని. జడ్జి నవ్వు ఆపుకుని, విచారణను ఏడాదిపాటు నిలిపివేశారు. పగలు మెకానిక్ షెడ్డులో పని, సాయంత్రం చదువు, శనివారాలు వీతో దగ్గర చాకిరీ. గడువంతా సరిగ్గా నడుచుకుంటే కేసే ఉండదు. తమ్ముడికి బడి అయ్యాక ఉండే చోటు ఒర్నెల్లా ముందే చూసిపెట్టింది.

ఏడాదంతా నల్లేరు మీద నడక కాలేదు. చలికాలంలో దమియానా మేస్త్రీతో గొడవపడి షెడ్డు మానేసింది. ఒర్నెల్లా వచ్చి బతిమాలలేదు, బెదిరించలేదు. జడ్జి ముందు కూర్చోబెట్టి, ఎందుకు మానేశావో నువ్వే చెప్పమంది. చెబుతుంటే తన కారణం తనకే చిన్నదిగా వినిపించి, దమియానా మర్నాడే షెడ్డుకు వెళ్లింది. మేస్త్రీ పలకరించలేదు, కానీ చేతికి స్పానరు అందించాడు.

గడువు ముగిశాక జడ్జి కేసు కొట్టేశారు. బయట మెట్ల మీద దమియానా అడిగింది:

"ఇక మీరు మా ఇంటికి రారా?"

"పని మీద రాను."

"అయితే ఆదివారం భోజనానికి రండి. అత్తయ్య తిడుతూనే వడ్డిస్తది, పట్టించుకోకండి."

వస్తానంది ఒర్నెల్లా. దమియానా రెండేసి మెట్లు దూకుతూ షెడ్డుకు బయల్దేరింది. ఒక ఇంజను విప్పి పెట్టి వచ్చింది, అది మధ్యాహ్నానికల్లా తిరగాలి.