సెలవు మీద పోయినవాడి చోటు

జనార్దనం బహ్రేన్ నుంచి వచ్చాడని తెలిసిన నాటినుంచి చెంగల్రాయుడికి అన్నం సయించడం లేదు.

మద్రాసు జార్జి టౌన్ తెలుగు హైస్కూల్లో లెక్కల మేష్టరు ఉద్యోగం నిజానికి జనార్దనానిది. మూడేళ్ళ కింద ఆయన సెలవు పెట్టి, బహ్రేన్‌లో నూనె కంపెనీ నడిపే బడికి పాఠాలు చెప్పడానికి ఓడ ఎక్కాడు. ఆ ఖాళీలో చెంగల్రాయుడు చేరాడు. ఇప్పుడు సెలవు తీరింది. ఆయన రాజీనామా ఇచ్చి తిరిగి ఓడ ఎక్కితే ఉద్యోగం చెంగల్రాయుడికి ఖాయమవుతుంది. ఇక్కడే ఉండిపోతే చెంగల్రాయుడు వీధిన పడతాడు. సోమవారం ఏ సంగతో తేల్చి చెప్పమని హెడ్మాస్టరు జనార్దనానికి కబురు పెట్టాడు.

కాబట్టి చెంగల్రాయుడు కోరుకోవలసింది ఒక్కటే. బహ్రేన్ స్వర్గంలా ఉండాలి. కాని అతని మనసు రేయింబవళ్ళు కోరుతున్నది అది కాదు. అక్కడ ఇసుక తప్ప మరేమీ ఉండకూడదు, ఆ ఎండకు మనుషులు మాడిపోతుండాలి, జనార్దనం మొహంలో అది కనబడాలి.

బహ్రేన్ ఉద్యోగం ఇంటర్వ్యూకి ఇద్దరూ కలిసే వెళ్ళారు. మౌంటు రోడ్డు హోటల్లో కంపెనీ దొర అడిగిన వాటికి చెంగల్రాయుడే బాగా జవాబు చెప్పాడు. బయటికి వచ్చాక ఆ మాట జనార్దనమే అన్నాడు. అయితే దొర చివర్లో, నీ భార్య ఏం చదివిందని ఇద్దర్నీ అడిగాడు. వాళ్ళకు ఆడపిల్లల బడికి కూడా మనిషి కావాలి. ఒకే ఇంట్లో ఇద్దరు టీచర్లుంటే కంపెనీకి కలిసొస్తుంది. జనార్దనం భార్య పుష్పవల్లి టీచరు ట్రెయినింగు పాసయింది. చెంగల్రాయుడి భార్య కోకిల ఎనిమిదో క్లాసుతో చదువు ఆపేసింది. ఆ సాయంత్రం చెంగల్రాయుడు సాంబారులో ఉప్పు లేదని కంచం తోసేశాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. కోకిల ఇంకాస్త వేసి తెచ్చింది. ఆ ఉప్పు సాంబారునే అతను చివరిదాకా తిన్నాడు.

పోతూ పోతూ జనార్దనం తన ఖాళీకి ఇతని పేరే చెప్పి పోయాడు. ఆ మేలు చెంగల్రాయుడికి మరీ మింగుడుపడలేదు.

శనివారం సాయంత్రం జనార్దనం, పుష్పవల్లి చూలైలో చెంగల్రాయుడి ఇంటికి భోజనానికి వచ్చారు.

“ఆడ నీళ్ళకు శానా కష్టమంట గదన్నా?” అని చెంగల్రాయుడు ఆశగా అడిగాడు.

“కష్టమేముంది తమ్ముడూ,” అంది పుష్పవల్లి. “కంపెనీ లారీ తెచ్చి వాకిట్లోనే పోసిపోతాది. ఇద్దరికీ ఒకటే బస్సు. ఆయన్ను మగపిల్లల బడికాడ దించి, నన్ను ఆడపిల్లల బడికాడ దించుతాది. మధ్యాన్నానికంతా ఇల్లు చేరతాము. తలుపులేసుకొని ఫ్యాను కింద పండుకోవడమే.”

“ఫ్యాను మీదేనా అక్కా?” అంది కోకిల.

“కంపెనీదే. గాలి మాత్రం మాది.”

కోకిల నవ్వింది. భార్య అట్లా నవ్వి ఎంత కాలమయిందో అనుకున్నాడు చెంగల్రాయుడు.

“ఎండ రొంబ జాస్తి గదా?” అని అతను మళ్ళీ అడిగాడు.

“మెడ్రాసులో తక్కువా ఏమప్పా?” అన్నాడు జనార్దనం అన్నం కలుపుతూ. “ఒకటుంది. టీచర్ల గదిలో మిసిరీ వాళ్ళది, అదే ఈజిప్టోళ్ళది, ఒక మూల, మనది ఒక మూల. మూడేళ్ళు పక్కపక్కనే టీ తాగినాము. నా పేరేందో ఒక్కడికీ తెలీదు. అందరికీ నేను హిందీనే, అంటే ఇండియావోడినే.”

ఆ మాట చెంగల్రాయుడి గుండెలోకి చల్లగా దిగింది. ఇంకొంచెం చెబితే బాగుండుననిపించింది. మరుక్షణమే భయం పట్టుకుంది. ఈయనకు అక్కడ బాగోకపోతే వచ్చి కూర్చునేది తన కుర్చీలోనే. “పేరుతో పనేముందన్నా, సుఖంగా ఉంటే చాలదా,” అన్నాడు. ఆ గొంతు అతనికే తనదనిపించలేదు.

మరునాడు ఆదివారం. పరీక్షల ముందు పెద్ద క్లాసు పిల్లలకు చెంగల్రాయుడు ప్రత్యేకంగా పాఠం పెట్టాడు. అది ముగించి, పిల్లల్ని పంపి, బోర్డు తుడుస్తుంటే గుమ్మంలో బూట్ల చప్పుడయింది. కోటూ టైతో జనార్దనం నిలబడి ఉన్నాడు.

“హెడ్మాస్టరు ఏడప్పా? గేటుకాడ ప్యూను కూడా లేడే.”

“ఆదివారం గదన్నా.”

జనార్దనం తెల్లమొహం వేశాడు. తర్వాత బెంచీ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. “ఆడ శుక్రవారమప్పా సెలవు. మొన్న శుక్రవారం పొద్దెక్కేదాకా నిద్రపోతిని. ఈ పొద్దు తెల్లారకముందే లేచి గడ్డం గీసుకొని, సోమవారందాకా ఎందుకు, ఇప్పుడే చెప్పేద్దామని వస్తిని. ఆమె కూడా, పోండి పోండి, బడికి టైమయిందనింది.”

నవ్వు తగ్గాక ఆయన ఖాళీ బెంచీల వైపు చూశాడు.

“చెంగల్రాయా, ఆడ పిల్లలు ఏడాది నడుమనే కంపెనీ పనికి పోతారు. నేను పాఠం మొదలుపెట్టిన బిడ్డను కడదాకా చూసింది లేదు. అయినా ఇంటికాడ ఆమె నవ్వుతా ఉండాది. ఈడ మా అమ్మతో ఆమెకు నవ్వే దారి లేదు. పోతానని చెప్పేదానికే వస్తిని. కాని ఈ గది చూస్తే కాలు ఆడలేదు. నువ్వే చెప్పు. పొమ్మంటే పోతా.”

చెంగల్రాయుడు ఈ మాటకు జవాబు వారం రోజులుగా మనసులో దిద్దుకుంటూనే ఉన్నాడు. ‘పో అన్నా, అట్లాంటి ఉద్యోగం మళ్ళీ దొరకదు.’ నాలుక మీదనే ఉంది. నోరు తెరిచాడు. ఆ క్షణంలో అతనికి బస్సు కనబడింది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద పోయే బస్సు. కిటికీ పక్కన పుష్పవల్లి, ఆమె పక్కన ఈ మనిషి, ఇద్దరి ఒడిలోనూ పుస్తకాలు. ఆమె ఏదో అంటుంది, ఈయన నవ్వుతాడు. బస్సు అట్లా ఏళ్ళ తరబడి పోతూనే ఉంటుంది. తాను చూలైలో చెమటలు కక్కుకుంటూ ఖాయమైన ఉద్యోగానికి నడిచి వెళుతుంటాడు.

“పోవద్దన్నా,” అన్నాడు.

జనార్దనం తలెత్తాడు.

“పేరు తెలీనోళ్ళ నడుమ ఏముంది? ఈడ పిల్లలు ఇంకా నిన్నే అడుగుతారు.” పిల్లలెవరూ అడగలేదు. మాటలు మాత్రం ఒకదాని వెనక ఒకటి సులువుగా వస్తున్నాయి. అంత సులువుగా వస్తుంటే అతనికే వింతగా ఉంది.

జనార్దనం లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. “నీ కూడు పోతాదని తెలిసి కూడా చెప్పినావే. నా సొంత తమ్ముడు కూడా ఇట్లా చెప్పడప్పా.”

చెంగల్రాయుడి చేతులనిండా సుద్దపొడి. అది జనార్దనం కోటు అంచుకు అంటుకుంది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ అతనికి, పీకుతున్న పన్ను ఉన్నట్టుండి ఊరుకున్నంత హాయిగా ఉంది. చూలై సందు మలుపులో గాని రేపటితో తన ఉద్యోగం పోతుందన్న సంగతి గుర్తు రాలేదు.

కోకిల వాకిట్లో బియ్యం చెరుగుతోంది. “ఏమయ్యా, వాళ్ళు ఎప్పుడు పోతారంట?”

“పోరు. ఈడనే ఉంటారు.”

చేట ఆగింది. “అక్క కూడానా?” అంది కోకిల. ఆమె మొహం విప్పారింది. పెదవుల కొసన ఒక చిన్న సంతోషం మెరిసింది. అది తాను దారి పొడవునా మోసుకొచ్చిన హాయేనని చెంగల్రాయుడు వెంటనే గుర్తుపట్టాడు. తర్వాతే ఆమెకు మిగతాది తట్టింది. “అయితే మీ ఉద్యోగం?”

అతను చెప్పులు విడిచి, ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నాడు. తన మొహం అతను చూశాడని కోకిలకు తెలిసిపోయింది. చేట కింద పెట్టి తల వంచుకుంది. పెళ్ళయినప్పటినుంచి భార్య తనకు ఇంత దగ్గరగా ఉన్నట్టు అతనికి ఎన్నడూ అనిపించలేదు. పక్కకు చూడడానికి మాత్రం ధైర్యం చాలలేదు.